ఎదుటి పక్షం మోసిన పాట

పాత మాసెట్,
1979 ఫిబ్రవరి 11

ఒరేయ్ సైలస్,

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నీ కూతురే ఎత్తింది. "నాన్న పడవ దగ్గరున్నాడత్తా", "నాన్న కట్టెలు కొడుతున్నాడత్తా", "నాన్న పడుకున్నాడత్తా." పట్టపగలు పడుకునేవాడివి ఎప్పుడయ్యావురా నువ్వు? వెర్నా మర్యాదస్తురాలు, పాపం, నాతో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసింది. నాకు కావాల్సింది నువ్వు. అందుకే కాగితం పట్టుకున్నాను. నా చేతిరాత సంగతి తెలిసిందే, కళ్ళజోడు పెట్టుకుని చదువు.

అమ్మ సమాధి రాయి వచ్చింది. ఓడలోంచి దింపడానికి ఆరుగురు పట్టారు. పైన కాకిని చెక్కించాను, మన పక్షం గుర్తు. ముక్కు కాస్త పొట్టిగా వచ్చింది. అమ్మ ముక్కూ అంతేగా అని సరిపెట్టుకున్నాను. సెప్టెంబర్ ఎనిమిదిన నిలబెడదాం. అప్పటికి చేపల పని అయిపోతుంది, గాలివానలు ఇంకా మొదలవవు. గద్ద పక్షం వాళ్ళు సరేనన్నారు. అమ్మ పోయినప్పుడు పెట్టె చేసిందీ వాళ్ళే, గొయ్యి తవ్విందీ వాళ్ళే, రేపు రాయి నిలబెట్టేదీ వాళ్ళే. మన కాకులం ఏడవాలి, ఆ తర్వాత కడుపునిండా విందు పెట్టి వాళ్ళ చేతులు నింపాలి. రెండేళ్ళ నుంచి కూడబెడుతున్నాను. సీసాల్లో పెట్టిన సాల్మన్ చేప, తువ్వాళ్ళు, కప్పులు, దుప్పట్లు. మంచం కింద చోటు చాలక దుప్పట్ల కట్ట నా పక్క మీదే పడుకుంటోంది, నేనే ఓ మూలకి సర్దుకుంటున్నాను.

అన్నీ ఉన్నాయి, పాట లేదు.

రాయి మీద గుడ్డ తీసేటప్పుడు మన వంశం ఆడవాళ్ళకి పాడే సాగనంపు పాట. అది పాడకుండా అమ్మని పంపితే నడిదారిలో వదిలేసినట్టే. అది తెలిసినవాడివి భూమ్మీద నువ్వొక్కడివే మిగిలావు. మేనమామ నీకే నేర్పాడు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మమ్మ చెల్లెలి రాయి దగ్గర ఒక్కసారి విన్నాను. ఎంత గింజుకున్నా మొదటి కేక తప్ప ఏమీ గుర్తు రావడం లేదు.

ఏప్రిల్లో రా. మర్లీన్‌కి నేర్పు. నా కూతురి కూతురు, కాకి పిల్ల, హక్కున్న పిల్ల. పద్నాలుగేళ్ళొచ్చాయి. గొంతు ఉంది, బుద్ధి ఇంకా రావాలి. దాని అమ్మ రూపర్ట్ రేవులో చేపల ఫ్యాక్టరీ వదిలి రాదు కాబట్టి నా దగ్గరే ఉంటోంది. దానికి మన భాష రాదు. బళ్ళో అందరూ ఇంగ్లీషే. అయినా నేర్పితే పడుతుంది.

వస్తున్నానని ఒక్క ముక్క రాయి.

నీ అక్క,
ఫీబీ

*

హైడాబర్గ్,
1979 ఫిబ్రవరి 27

అక్కా,

ఉత్తరం అందింది. రాయి వచ్చినందుకు సంతోషం. ముక్కు సంగతి చదివి వెర్నా పొయ్యి దగ్గర కూలబడి నవ్వింది.

ఇక్కడ వాన వదలడం లేదు. పడవ ఇంజన్ విప్పి పెట్టాను. ఏప్రిల్లో రావడం కుదరదు. పాట సంగతి నేను చూసుకుంటాను, నువ్వు బెంగ పెట్టుకోకు.

వెర్నా ఎండబెట్టిన సముద్రపు నాచు రెండు డబ్బాలు పంపుతోంది. పెద్దది నీకు, చిన్నది ఎవరైనా అడిగితే పెట్టడానికి. ఎవరూ అడగరని దాని నమ్మకం, ఎందుకంటే నువ్వు ఎవరికీ చెప్పవు.

తమ్ముడు,
సైలస్

*

పాత మాసెట్,
1979 మార్చి 19

సైలస్,

నాచు బాగుంది. ఇంతకంటే మంచి మాట ఈ ఉత్తరంలో ఉండదు.

నిన్న మన ఊరి పెర్సీ వచ్చాడు. మీ ఊరి వైపు చేపలకెళ్ళి తిరిగొస్తూ ఆగాడు. కాఫీ తాగుతూ ఏమన్నాడో తెలుసా? "ఫీబీ, మీ అక్కాతమ్ముళ్ళ అదృష్టం! నీ మేనకోడలు పొగ గుడిసెలో చేపలు ఆరబెడుతూ ఎంత పాత పాట పాడుతోందని! నాకు పన్నెండేళ్ళప్పుడు మీ అమ్మమ్మ చెల్లెలి రాయి దగ్గర విన్న పాటే" అన్నాడు. నా చేతిలో కప్పు కిందపెట్టి, మొదటి కేక పాడి చూపించాను. "అదే, అదే" అన్నాడు వెర్రిబాగులవాడు. నా మొహం చూశాక అర్థమయింది కాబోలు, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

సైలస్, వెర్నా గద్ద పిల్ల. నీ కడుపున పుట్టిందే, నీ మొహమే దానికి. కానీ వాళ్ళ అమ్మ వంశం దానిది, నీది కాదు. ఈ సంగతి నీకు నేను చెప్పాలా? మన ఇంటి పాటని తీసుకెళ్ళి ఎదుటి పక్షం పిల్ల నోట్లో పెట్టావు. అదేమో చేపల వాసనలో కూనిరాగాలు తీస్తోంది. నేనిక్కడ మర్లీన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని తాత వస్తాడు, నేర్పుతాడు అని ఎదురుచూస్తున్నాను. నా కూతురికి ఆడపిల్ల పుట్టిందని నీకు కుళ్ళా? నీ వైపు మన వంశం నీతోనే ఆగిపోతుందని, పాటనైనా కూతురికి కట్టబెడదామనుకున్నావా?

ఇంకోటి కూడా చెప్పాడు పెర్సీ. నువ్వు గడపలో నిలబడి, మెడకి మఫ్లర్ చుట్టుకుని, దొరలా చెయ్యి ఊపి లోపలికి పోయావట. ఊరు కాని ఊరొచ్చిన మనిషిని పలకరించడానికి నోరు రాలేదా? గొంతు అంత అరుదైపోయిందా?

నన్ను ఏడేళ్ళకి తెల్లదొరలు పడవెక్కించి వాళ్ళ హాస్టలు బడికి పట్టుకుపోయారు. మన మాట ఒక్కటి పలికితే నాలుక మీద సబ్బు పెట్టి రుద్దేవాళ్ళు. నిన్ను మాత్రం మామ చేపల బుట్టల కింద దాచి, సరిహద్దు దాటించి అలాస్కా గట్టు చేర్చాడు. నీకు భాష మిగిలింది, పాట మిగిలింది. నేను ముప్పయ్యేళ్ళొచ్చాక అమ్మ పక్కన కూర్చుని, చంటిపిల్లలా మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో నీ మీద నేను ఒక్కరోజూ ఏడవలేదు. ఇవాళ ఏడుస్తున్నాను.

ఫీబీ

*

హైడాబర్గ్,
1979 ఏప్రిల్ 6

అక్కా,

నువ్వు తిట్టినవన్నీ రెండుసార్లు చదివాను. అందులో ఒకటి మాత్రం నిజం. వెర్నాకి నేనే నేర్పాను, తప్పని తెలిసే నేర్పాను.

పోయిన అక్టోబర్లో క్యాన్సర్ అని పెద్దాసుపత్రిలో నా గొంతు కోసి తీసేశారు. మెడ మీద కన్నం ఉంది, గాలి అక్కణ్ణించే వెళ్తుంది. నాకిక మాట లేదు. మఫ్లర్ చుట్టుకునేది అందుకు. పెర్సీని పలకరించనిది అందుకు. నీ ఫోన్ వెర్నా ఎత్తేది అందుకు. మెడలో చిన్న పుస్తకం ఒకటి వేలాడేసుకుని తిరుగుతున్నాను. జోకు రాసి చూపించేసరికి నవ్వాల్సినవాడు లేచి వెళ్ళిపోతున్నాడు.

నీకు చెప్పొద్దని వెర్నా చేత ఒట్టు వేయించుకున్నాను. అమ్మ పోయి రెండేళ్ళు కాలేదు, రాయి పెట్టే లోపు నీకు ఇంకో దుఃఖం ఎందుకనుకున్నాను. అది ఒక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, పాట ఎవరికైనా ఇచ్చావా అని నువ్వు అడుగుతావు. వెర్నాకి ఇచ్చానని చెప్పే ధైర్యం నాకు లేదు.

గొంతు తీసేస్తామని డాక్టరు చెప్పిన రోజుకీ కోసిన రోజుకీ మధ్య పంతొమ్మిది రోజులున్నాయి. సముద్రం దాటి నీ దగ్గరికి రావాలంటే అప్పుడు గాలి దారివ్వలేదు. రెండుసార్లు పడవ తీసి రెండుసార్లూ వెనక్కి తిప్పాను. టేపురికార్డరు తెమ్మంది వెర్నా. మామ సంగతి నీకు తెలుసుగా. ఆయన కుర్రతనంలో ఎవడో పాటలు పట్టే మైనపు గొట్టాల మిషను పట్టుకొచ్చి ఆయన చేత నాలుగు పాటలు పాడించుకుని పోయాడు. అవి ఎక్కడున్నాయో, ఎవరు వింటున్నారో చచ్చేదాకా ఆయనకి తెలీలేదు. "నోటి నుంచి నోటికే, మిషనులోకి కాదు" అని నా చేత మాట తీసుకున్నాడు.

పొయ్యికి అవతల వెర్నా కూర్చుని ఉంది. ఇంకెవరున్నారక్కా? దానికి రోజుకి గంటసేపు పాడాను, గొంతు పూడుకుపోయేదాకా. దానికి మన భాష సగమే వచ్చు, మాటల అర్థం తెలీదు. చెవి మాత్రం గట్టిది. పాడింది పాడినట్టు పట్టుకుంది. పొగ గుడిసెలో పాడేది కూనిరాగం కాదు, మర్చిపోతానని భయమేసి రోజూ తిప్పుకుంటోంది.

అక్కడినుంచి నువ్వు ఎంతైనా అరుచుకో. తిరిగి అరిచేవాడిని కాదు ఇప్పుడు.

సైలస్

*

పాత మాసెట్,
1979 మే 2

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలయింది. జవాబు రాయడానికి కూర్చున్నప్పుడల్లా, గొంతు అరుదైపోయిందా అని నేను రాసిన ముక్క గుర్తొచ్చి కలం పక్కన పడేశాను. ఆ కాగితం పొయ్యిలో పెట్టు. ఇంకా పెట్టకపోతే ఇప్పుడే లేచి పెట్టు.

ఏడుపు అయింది. ఇక పని మాట్లాడతాను.

నువ్వు గొంతు పోగొట్టుకున్నావని పాట తప్పు ఒప్పయిపోదు. ఊళ్ళో ఈ మాట ఇప్పటికే పాకింది. పెర్సీ నోట్లో నువ్వు గింజ నానదు. "ఫీబీ ఇంటి పాట గద్దల పాలైందట" అని చేపల షెడ్డు దగ్గర అనుకుంటున్నారు. ఇంకొకళ్ళ నోటంట వినేకంటే నేనే వెళ్ళడం మేలని వెర్నా వాళ్ళ వంశం పెద్దావిడ క్లారిస్సా ఇంటికి వెళ్ళాను. తొంభై దాటాయి, చూపు లేదు, మన భాష తప్ప ఇంకోటి మాట్లాడదు. మొత్తం చెప్పాను, దాచకుండా.

ముసలావిడ కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. అప్పుడంది: "మీ ఇంట్లో చావైతే పెట్టె ఎవరు చేశారు?" మీరే అన్నాను. "గొయ్యి?" మీరే. "రాయి ఎవరు మోస్తారు?" మీరే మోస్తారు అవ్వా. "మరింకేం? మీకు చావొస్తే బరువు మోసేది మేము. ఈ పిల్ల రాయికి బదులు పాట మోసింది. పోయినవాళ్ళ నాన్న వంశమేగా మోయాల్సింది, మీ అమ్మ నాన్న మా వంశమే, ఈ పిల్లా మా వంశమే, మోయాల్సిన పిల్లే మోసింది. దొంగతనం అంటారేమిటే, బుద్ధి లేకపోతే సరి! అందరి ముందూ దింపించుకోండి. మోసినదానికి ఇవ్వాల్సింది ఇవ్వండి. దింపాక మాత్రం మళ్ళీ ముట్టుకోకూడదు. పెట్టె మోసినవాడు పెట్టెని ఇంటికి పట్టుకుపోడుగా."

సైలస్, అరవై ఏళ్ళొచ్చిన నీకూ నాకూ తట్టలేదు ఈ మాట.

కాబట్టి వెర్నాని జూలైలో పంపు. ఇక్కడ మర్లీన్‌కి నేర్పాలి. విందు రోజున సాక్షుల ముందు పాట దింపాలి. ఆ రోజు తర్వాత వెర్నా ఆ పాట పాడకూడదు, చేపల దగ్గరా వద్దు, ఇంట్లోనూ వద్దు. ఈ ఒక్కటి గట్టిగా చెప్పు దానికి.

నీ గొంతు సంగతి వివరంగా రాయి. ఏం తింటున్నావు? మింగుడు పడుతోందా?

అక్క

*

హైడాబర్గ్,
1979 జూన్ 10

అక్కా,

క్లారిస్సా అవ్వకి నా దండం చెప్పు. అక్టోబర్ నుంచి గుండెల మీద ఉన్న బండ ఆవిడ తీసేసింది.

మింగుడు పడుతోంది. చేపల పులుసు, మెత్తగా ఉడికించిన దుంపలు. వెర్నా దగ్గర కూర్చుని చంటివాడికి పెట్టినట్టు పెడుతుంది, విసుక్కుంటే చెంచాతో వేళ్ళ మీద కొడుతుంది. డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు, ఆ రోగం ఇంకోచోటికి పాకిందట. నేను వెళ్ళను. సెప్టెంబర్‌కి అక్కడికి కూడా రాలేను. అలల మీద పడవ ఊగితే ఊపిరి అందడం లేదు. క్రిస్మస్ చూస్తానో లేదో తెలీదు. అమ్మ రాయి దగ్గర నా బదులు నువ్వే రెండుసార్లు ఏడు.

వెర్నాని జూలై మొదటి వారంలో పంపుతున్నాను, అది తిరిగొచ్చేదాకా పక్కింటివాళ్ళు నాకు వండి పెడతారు. నువ్వు చెప్పిన షరతు దానికి చెప్పాను. తల ఊపింది, గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

ఒక మాట రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. రోజూ సాయంత్రం అది ఆ పాట ఒకసారి పాడుతుంది. అప్పుడు నాకు నా గొంతు వినపడుతుంది. రోజు మొత్తంలో నాకు అదొక్కటే ఉందక్కా. జూలైలో వెర్నా పడవెక్కాక ఈ ఇంట్లో ఆ పాట మళ్ళీ ఉండదు. నాకు బాధగా ఉంది, భయంగా కూడా ఉంది. మినహాయింపు ఇమ్మని అడగడం లేదు. నేను అడిగితే నువ్వు ఇస్తావు, ఇచ్చావంటే పెద్దావిడ మాట పోతుంది, మన పరువు పోతుంది. ఊరికే చెబుతున్నాను, అంతే. ఎవరికైనా చెప్పాలనిపించింది.

సైలస్

*

పాత మాసెట్,
1979 జూలై 29

తమ్ముడూ,

వెర్నా ఇక్కడ బాగుంది. మర్లీన్ బాగా లేదు. అంటే ఒళ్ళు బాగుంది, తిక్క బాగా లేదు. మొదటి వారమంతా "నాకు రాదు, నాకొద్దు, ఈ మాటలకి అర్థమే లేదు" అని ఒంటికాలి మీద లేచింది. వెర్నాకి నీ ఓపికే వచ్చింది. గిన్నె ముందు కూర్చుని చేపలు కోస్తూ మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ అదే ముక్క.

ఒకరోజు నేను పక్కన కూర్చున్నాను. వెర్నా పాడుతుంటే మాటలు ఒక్కొక్కటీ నాకు తెలుస్తున్నాయి. ముసలివాళ్ళ మాటలు, అమ్మ పొయ్యి దగ్గర వాడినవి. పాట దానికి తెలుసు, అర్థం నాకు తెలుసు. వెర్నా ఆగి "ఇదేమిటత్తా?" అంటుంది, నేను చెబుతాను. అది తొమ్మిది నెలలు మోసిన మూటలో ఏముందో అప్పుడు చూసింది పిల్ల. కత్తి పక్కన పెట్టి ఏడ్చింది. దాన్ని చూసి మర్లీన్ ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి "నాకొద్దు" అన్న మాట మళ్ళీ వినలేదు. ఆ అర్థం ఇక్కడ రాయను, కాగితానికి ఆ హక్కు లేదు.

నువ్వు చివర్న రాసిన సాయంత్రం పాట సంగతి మర్చిపోలేదురా. ఆలోచిస్తున్నాను.

అక్క

*

పాత మాసెట్,
1979 సెప్టెంబర్ 13

తమ్ముడూ,

అమ్మ రాయి నిలబడింది. గద్దలు పన్నెండుమంది పట్టి లేపారు, ఒక్క వంకర లేదు. గుడ్డ తీసేటప్పుడు మర్లీన్ పాడింది. ముత్యపు బొత్తాలతో కాకి బొమ్మ కుట్టిన నా దుప్పటి కప్పాను దానికి, నేల మీద ఈడ్చుకుంటూ నిలబడింది. గొంతు మొదట వణికింది, తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, శ్మశానం చివర ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. నీ బదులు కూడా ఏడ్చాను. లెక్క చూసుకోలేదు, రెండుసార్లకంటే ఎక్కువే అయుంటుంది.

హాల్లో మూడు వందలమంది. పులుసు చాలింది, సీసా చేపలు చాలాయి, దుప్పట్లు ఆఖర్న నాలుగు మిగిలాయి. అందరి ముందూ వెర్నా లేచి, "ఈ పాట నాది కాదు. మోశాను. ఇప్పుడు దింపుతున్నాను" అంది. మంచి దుప్పటి ఒకటి భుజాల మీద కప్పి, అమ్మ వెండి కడియం దాని చేతికి తొడిగాను. క్లారిస్సా అవ్వ కుర్చీలోంచే "సరిపోయింది" అంది. ఇక ఈ ఊళ్ళో నోరెత్తేవాడు లేడు. పెర్సీ మూడుసార్లు పులుసు వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున వంటింట్లో వెర్నా గిన్నెలు తోముతోంది. చెయ్యి తిరుగుతుంటే అలవాటుగా పాట నోట్లోకొచ్చింది. మొదటి కేక సగం పలికి టక్కున నోరు మూసుకుంది. నన్ను చూసి, "తప్పైపోయిందత్తా" అంది. ఇదే నీ ఇంట్లో రోజూ జరుగుతుంది కదా అనుకున్నాను. నువ్వు అటు, అది ఇటు, మధ్యలో పాట లేని పొయ్యి.

నాలుగు రోజులు నాతో నేనే పోట్లాడుకున్నాను. మన పిల్లల్ని పూర్వం ఏం చేసేవాళ్ళురా? పదేళ్ళు రాగానే మేనమామ ఇంటికి పంపేవాళ్ళు. నిన్ను పంపలేదూ? మర్లీన్‌కి సొంత మేనమామ లేడు, వాళ్ళ అమ్మకి మేనమామవి నువ్వున్నావు. పాట దానిది. అది ఎక్కడ పాడినా అడిగేవాడు లేడు.

దాన్ని నీ దగ్గరికి పంపుతున్నాను. రూపర్ట్‌కి ఫోన్ చేశాను, దాని అమ్మ ఒప్పుకుంది. బడి మీ ఊళ్ళో చదువుతుంది. నువ్వు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. రోజూ సాయంత్రం పాడుతుంది.

సైలస్, పిల్లని పడవెక్కించడం అంటే నాకు ఏమిటో నీకు తెలుసు. నన్ను ఎక్కించిన రోజు అమ్మ రేవులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడిపోయింది. నేను ఏ పిల్లనీ పడవెక్కించనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు నేనే ఎక్కిస్తున్నాను. ఇది బడికి కాదు, మన ఇంటికే పంపుతున్నాను అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది వెళ్ళాక ఈ ఇంట్లో నేనూ మిగిలిన నాలుగు దుప్పట్లూ.

దానికి చలి ఎక్కువ, మేజోళ్ళు వేసుకోమంటే వేసుకోదు. నువ్వైనా చెప్పు. అదే, రాసి చూపించు.

అక్క

*

హైడాబర్గ్,
1979 అక్టోబర్ 21

అక్కా,

పిల్ల వెర్నాతో క్షేమంగా చేరింది. దారి పొడుగునా వాంతులట. సముద్రం మధ్యలో సరిహద్దు గీత గీసినవాళ్ళు కాగితాలు అడిగితే, "మా తాత ఇంటికి వెళ్తున్నా" అందట, అంతే. మేజోళ్ళు వేసుకోవడం లేదు. పొయ్యి దగ్గర కుర్చీ కోసం రోజూ వెర్నాతో గొడవ. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది.

మొదటి రెండు సాయంత్రాలు పాడలేదు. నా మెడ వంక చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడింది. మూడో రోజు మఫ్లర్ తీసేసి కూర్చున్నాను. కన్నం వంక బాగా చూసి, "నొప్పా?" అంది. ఇప్పుడు లేదు అని రాశాను. అప్పుడు పాడింది.

మొదటి కేక విని కళ్ళు మూసుకున్నాను. గొంతు వెర్నాది కాదు, నాది కాదు, అమ్మ పోలిక ఉంది. మూడో పాదం ముందు ఆగింది. చిన్న ఆగడం, ఒక గుటక వేసినంతసేపు. మర్నాడూ అక్కడే ఆగింది. ఆ పాటలో అక్కడ ఆగడం లేదక్కా. మామ ఎప్పుడూ ఆగలేదు. మూడో పాదం రెండోదాని వెనకే పరుగెత్తుకు రావాలి.

అది నాది. ఆ పంతొమ్మిది రోజుల్లో అక్కడికొచ్చేసరికి నొప్పితో గుటక వేసేవాణ్ణి. వెర్నా పాటనీ నా నొప్పినీ కలిపి పట్టుకుంది, కలిపే ఈ పిల్లకి ఇచ్చింది. తొమ్మిది నెలలూ వెర్నా పాడుతుంటే నాకు వినపడనే లేదు. నా గొంతే అనుకుని విన్నాను కదా. అమ్మ రాయి దగ్గర కూడా అలాగే పాడి ఉంటుంది. అమ్మ ఏమీ అనుకోదులే.

ఉండనిద్దామా అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒక రోజంతా అనుకున్నాను. నేను పోయాక వందేళ్ళకి కూడా ఎవరో ఒక ఆడపిల్ల అక్కడ నా కోసం ఆగుతుంది కదా అని ఆశ పుట్టింది.

నిన్న సాయంత్రం అది ఆ చోటికి రాగానే బల్ల మీద చేత్తో కొట్టాను, ఆగొద్దని. బిత్తరపోయింది. పుస్తకంలో రాసి చూపించాను. మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారీ ఆగింది, రెండోసారీ కొట్టాను. నాలుగోసారి ఆగకుండా పాడేసింది, అచ్చం మామ పాడినట్టే. చివరిదాకా విన్నాను. నేను ఎక్కడా లేనక్కా ఆ పాటలో, నేను లేకుండానే అది నడుస్తోంది. ఇక నాకు భయం లేదు.

తమ్ముడు,
సైలస్